ఆకారం మరవని రబ్బరు: కొన్ని అనుభవ పాఠాలు

ఉద్యోగం చేసినన్నాళ్లూ తెలంగాణలో ఒక టైర్ల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేశాను. మిల్లు మీద రబ్బరు నలుగుతుంటే వచ్చే వాసన, ప్రెస్సులోంచి తీసిన వేడి షీటు, మర్నాడు దాన్ని డంబెల్ ముక్కలుగా కోసి మెషీను మీద లాగి తెంపడం, ఇదే నా లోకం. రిటైరయ్యాక అమ్మాయి దగ్గరికి అరిజోనాలోని చాండ్లర్‌కు వచ్చేశాను. ఇక్కడ ఇంటెల్ ఫ్యాక్టరీల పుణ్యమా అని మనవాళ్ల కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు సైన్స్ ఫెయిర్ కోసం ప్రాజెక్టులు వెతుక్కుంటూ, "తాతగారూ, మీ రబ్బరులో ఏమైనా ఉందా?" అని వస్తుంటారు. ఉంది. వంచితే వంచినట్టే ఉండిపోయి, వేడి తగలగానే పాత ఆకారానికి వచ్చేసే రబ్బరు చేద్దామంటాను. ఖర్చు తక్కువ, అందులో నేర్చుకునేది చాలా ఎక్కువ. ఫ్యాక్టరీలో నేర్చినవీ, ఈ పిల్లలతో కూర్చుని చేస్తుంటే తేలినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

1. జ్ఞాపకం ఎక్కడుందో ముందు తెలుసుకోండి.

చెట్టు పాలు గడ్డకట్టించి తీసిన పచ్చి రబ్బరుకు ఏ ఆకారమూ గుర్తుండదు. పొడుగాటి గొలుసుల్లాంటి అణువులు ఒకదాని మీద ఒకటి జారిపోతుంటాయి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడిచేసినప్పుడు ఆ గొలుసుల మధ్య అక్కడక్కడా ముడులు పడ్డాయి. క్యూరింగ్ అంటే అదే. ముడులు పడే వేళ రబ్బరు ఏ ఆకారంలో ఉందో అదే దాని శాశ్వత ఆకారం. ఆ తర్వాత మనం లాగినా, మెలిపెట్టినా, చుట్ట చుట్టినా అది తాత్కాలికమే.

మామూలు రబ్బరు బ్యాండు వదలగానే వెనక్కి పోతుంది. దాన్ని పోనీయకుండా పట్టి ఉంచే రెండోది ఒకటి లోపల ఉండాలి. చల్లగా ఉంటే గట్టిపడాలి, వేడెక్కితే వదిలెయ్యాలి. ముడులు ఒకటి, ఈ పట్టు ఒకటి. ఈ రెండూ ఉంటేనే ఆకార జ్ఞాపకం. మన ఎలక్ట్రీషియన్లు వైర్ల అతుకుల మీద తొడిగే హీట్ ష్రింక్ స్లీవు చూశారుగా, అందులో జరిగేదీ ఇదే. పాలిథీన్ గొట్టానికి రేడియేషన్‌తో ముడులు వేసి, వేడి మీద వెడల్పు చేసి, అలాగే చల్లారుస్తారు. మళ్లీ వేడి చూపిస్తే పాత సైజుకు బిగుసుకుంటుంది. పాల్ కుక్ 1957లో రేకెమ్ కంపెనీ పెట్టి ఈ సరుకును ప్రపంచమంతా అమ్మాడు. ఆకార జ్ఞాపకం అనే మాట ప్లాస్టిక్కులకు వాడుకలోకి రాకముందే సరుకు బజార్లో ఉంది. పిల్లలు నిటినాల్ తీగ గురించి అడుగుతారు. అది లోహం. దాని కథ స్ఫటికాల అమరిక మారడం. రబ్బరుతో కలపకండి.

2. ఫ్యాక్టరీలో దోషం అన్నదే ఇక్కడ సరుకు.

ప్రతి టైరు కాంపౌండులోనూ స్టియరిక్ యాసిడ్ ఉంటుంది. నూరు పాళ్ల రబ్బరుకు రెండు పాళ్లు, అటూ ఇటూగా. జింక్ ఆక్సైడుతో కలిసి క్యూరింగ్‌ను నడిపిస్తుంది. అంతకు మించితే షీటు మీద తెల్లగా పొడి తేలుతుంది. దాన్ని బ్లూమ్ అంటాం. బ్లూమ్ ఉన్న షీట్లు ఒకదానికొకటి అతుక్కోవు, సూపర్‌వైజరు ఊరుకోడు.

2014లో ఒహాయోలోని ఆక్రన్ విశ్వవిద్యాలయంలో బ్రోస్టోవిట్జ్, వైస్, కావికీ అనే ముగ్గురు ఈ యాసిడ్‌నే పట్టుకున్నారు. క్యూర్ అయిన సహజ రబ్బరును కరిగిన స్టియరిక్ యాసిడ్‌లో నానబెట్టారు. రబ్బరు దాన్ని పీల్చుకుని ఉబ్బింది. చల్లారాక ఆ యాసిడ్ రబ్బరు లోపలే పలకల్లాంటి స్ఫటికాలుగా గడ్డకట్టి, ఒకదానికొకటి తగులుకుని రబ్బరంతా అల్లుకుపోయింది. పట్టు దొరికింది. ఖరీదైన రసాయన సంశ్లేషణ ఏమీ లేదు. ఆక్రన్ ఒకప్పుడు అమెరికా టైర్ల రాజధాని. రబ్బరు, స్టియరిక్ అక్కడ ప్రతి ఫ్యాక్టరీలోనూ ఉన్నవే. వాటిని కొత్త కంటితో చూడటమే వాళ్లు చేసిన గొప్ప పని. నేను ఆ పేపరు చదివిన రోజు ఎంత సంతోషించానో చెప్పలేను.

3. తూకం లేకుండా ఏదీ ముంచకండి.

వెడల్పాటి రబ్బరు బ్యాండు ముక్క తీసుకుని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. మిల్లీగ్రాము వరకు చూపించే తూకం మీద పెట్టి బరువు రాసుకోండి. మూతున్న గాజు సీసాలో స్టియరిక్ యాసిడ్ వేసి, ఆ సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. నేరుగా స్టవ్ మీద పెట్టవద్దు, మంట దగ్గర అసలే వద్దు. నీళ్ల గిన్నెలో అయితే నీళ్లు ఉన్నంతసేపూ నూరు డిగ్రీలు దాటదు. స్వచ్ఛమైన స్టియరిక్ 69 సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కొవ్వొత్తుల సామాను అమ్మే దుకాణంలో దొరికే స్టియరిక్‌లో పామిటిక్ కూడా కలిసి ఉంటుంది, అది కాస్త ముందే కరుగుతుంది. 75 నుంచి 80 మధ్య నిలబెట్టి ముక్కను అందులో వెయ్యండి.

అప్పుడప్పుడూ చిమటాతో తీసి, వేడిగా ఉండగానే పైన అంటిన యాసిడ్‌ను కాగితంతో తుడిచి తూచండి. బరువు పెరగడం ఆగేదాకా అంతే. ఆగాక కూడా వేడిలో ఉంచితే లాభం లేదు. రబ్బరులోని యాంటీఆక్సిడెంట్ బయటికి పోతుంది, రబ్బరు పాడవుతుంది.

చల్లారాక చూడండి. ముక్క పొడుగయ్యింది, లావెక్కింది, పసుపురంగు తగ్గి తెల్లబారింది. వంచితే తోలులా మొండికేస్తుంది. అదే ముక్కను వేడినీళ్లలో ముంచితే కళ్ల ముందే తెలుపు పోయి, మెత్తబడి, మళ్లీ రబ్బరవుతుంది. స్ఫటికాలు కరిగాయని మైక్రోస్కోపు లేకుండానే తెలుస్తుంది. ఈ ఒక్క దృశ్యం కోసం పిల్లలందరూ గిన్నె చుట్టూ మూగుతారు. చూడనివ్వండి.

4. ఏ రబ్బరో తెలియకుండా మొదలుపెట్టకండి.

నీలం రంగు నైట్రైల్ గ్లవ్స్ పనికిరావు. అవి వేరే జాతి రబ్బరు, కొవ్వు ఆమ్లాలను మన రబ్బరులా పీల్చుకోవు. చవక బ్యాండ్లలో సుద్దపొడి ఎక్కువగా ఉంటుంది. అందుకే ఒకే పెట్టెలోంచి తీసిన బ్యాండ్లతోనే మొత్తం ప్రయోగం నడపండి, పెట్టె మీద సహజ రబ్బరు అని రాసి ఉందో లేదో చూడండి. ఇంట్లో ఎవరికైనా లేటెక్స్ అలర్జీ ఉందేమో మొదటే అడగండి. అది ప్రాణం మీదికి కూడా రాగల అలర్జీ.

5. వెనక్కి వచ్చింది అంటే చాలదు, ఎంత వచ్చిందో చెప్పాలి.

వేడినీళ్లలో స్ప్రింగు నిటారవడం, పువ్వు విచ్చుకోవడం వీడియోకి బాగుంటాయి. ఈ రంగంలో ఎవరు ఎవరిని అడిగినా అడిగేవి రెండు అంకెలు. ఇచ్చిన ఆకారాన్ని ఎంత నిలబెట్టుకుంది అనేది మొదటిది. పాత ఆకారానికి ఎంత తిరిగి వచ్చింది అనేది రెండోది.

నానబెట్టిన ముక్క పూర్తిగా చల్లారాక దాని మీద పెన్నుతో రెండు గీతలు పెట్టండి, మధ్య దూరం 50 మిల్లీమీటర్లు. ఉబ్బకముందు గీస్తే ఆ గీతలు జరిగిపోతాయి, లెక్కంతా తప్పుతుంది. రెండు చివర్లా బైండర్ క్లిప్పులు పెట్టి, వేడినీళ్లలో మెత్తబరిచి, గీతల మధ్య దూరం 100 అయ్యేదాకా మెల్లగా లాగండి. ఇంకా లాగాలనిపిస్తుంది. కానీ యాసిడ్ పీల్చిన రబ్బరు వేడి మీద బలహీనంగా ఉంటుంది, తెగుతుంది. అలా పట్టుకునే ఐసునీళ్లలో ముంచండి. చాండ్లర్‌లో వేసవిలో కుళాయి నీళ్లు గోరువెచ్చగానే వస్తాయి కాబట్టి వాటిని నమ్ముకోవద్దు. గట్టిపడ్డాక వదిలి కొలవండి. 98 వచ్చిందనుకుందాం. 50 మిల్లీమీటర్లు సాగదీస్తే 48 నిలిచింది, అంటే నిలుపుదల 96 శాతం. ఇప్పుడు వదులుగా వేడినీళ్లలో వెయ్యండి. 51 దగ్గర ఆగిందనుకుంటే, 48లో 47 వెనక్కి వచ్చింది, అంటే తిరిగి రావడం 98 శాతం.

ఇక్కడితో ఆపకూడదు. వదిలిన వెంటనే కొలిచిన 98, గంట తర్వాత ఎంత? మర్నాటికి ఎంత? వారానికి ఎంత? ఫ్యాక్టరీలో మేము షీటు ప్రెస్సులోంచి రాగానే పరీక్షించేవాళ్లం కాదు, కనీసం ఒక రాత్రి పడుకోనిచ్చేవాళ్లం. రబ్బరు తనంతట తాను సర్దుకునే పదార్థం. దాన్ని తొందరపెట్టి తీసిన అంకెకు విలువ లేదు.

ఇలా సాగదీసి, చల్లార్చి, మళ్లీ వేడిచేయడం ఒక సైకిలు. ప్రతి సైకిలు తర్వాత మళ్లీ తూచండి. కరిగిన ప్రతిసారీ కాస్త యాసిడ్ పైకి చేరి నీళ్లలోకి పోతుంది. దాంతో నిలుపుదల శాతం తగ్గుతూ వస్తుంది. ఆ రెండింటినీ ఒకే గ్రాఫు మీద గీస్తే ప్రాజెక్టుకు ప్రాణం వచ్చినట్టే. నీళ్లు డిస్టిల్డ్ వాడండి. ఈ ఊరి నీళ్లు గట్టివి, సున్నం ఎక్కువ. తెల్లటి పొర కనిపిస్తే అది బ్లూమా, కాల్షియం సబ్బా అన్న తగువు వస్తుంది.

6. మొదటి లాగుడును మిగతావాటితో కలపకండి.

రబ్బరును మొదటిసారి లాగడానికి పట్టే బలం రెండోసారి పట్టదు. సుద్దపొడి లాంటి ఫిల్లరు ఉన్న రబ్బరులో ఇది మరీ ఎక్కువ. దీన్ని మలిన్స్ ప్రభావం అంటారు. మొదటి సైకిలు అంకెను విడిగా రాసి, తర్వాతివాటి సగటు వేరుగా చూపించండి. న్యాయనిర్ణేతల్లో రబ్బరు తెలిసినవాళ్లుంటే మొదట వెతికేది ఇదే.

7. ఏ డిగ్రీ దగ్గర మేలుకోవాలో మీ ఊరి ఎండను అడగండి.

పుస్తకాల్లో గది ఉష్ణోగ్రత అంటే 25 డిగ్రీలు. చాండ్లర్ గరాజులో జూలైలో ఆ మాటకు అర్థం లేదు. 2023లో ఫీనిక్స్ విమానాశ్రయంలో వరసగా 31 రోజులు 110 ఫారెన్‌హీట్ గానీ అంతకు మించి గానీ నమోదైంది. అంటే నీడలోనే 43 సెల్సియస్ పైమాట.

ఇప్పుడు కొవ్వు ఆమ్లాల పట్టిక చూడండి. కొబ్బరి నూనెలో ఎక్కువగా ఉండే లారిక్ 44 దగ్గర కరుగుతుంది. మిరిస్టిక్ 54, పామిటిక్ 63, స్టియరిక్ 69. రబ్బరులో కలిశాక ఇవి ఇంకాస్త దిగువనే కరుగుతాయి. లారిక్‌తో చేసిన ముక్కను ఇక్కడ వేసవిలో గరాజులో పెడితే ఎవరూ ముట్టుకోకుండానే పాత ఆకారానికి పోతుంది. స్టియరిక్ సురక్షితం అనుకుంటారా? 2018లో ప్రకటించిన ఒక అధ్యయనం కోసం అరిజోనా స్టేట్ యూనివర్సిటీ, శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు పక్కనున్న టెంపేలో వేసవి ఎండలో కార్లను నిలిపి కొలిచారు. గంటసేపట్లో డాష్‌బోర్డు సగటున 157 ఫారెన్‌హీట్‌కు చేరింది. అంటే 69 సెల్సియస్. సరిగ్గా స్టియరిక్ కరిగే చోటు. సైన్స్ ఫెయిర్‌కి నమూనాలను కారు ముందుభాగంలో పెట్టి తీసుకెళ్లకండి.

నాలుగు ఆమ్లాలతో నాలుగు ముక్కలు చేసి, ఏది ఏ డిగ్రీ దగ్గర కదలడం మొదలుపెట్టిందో నీళ్లను మెల్లగా వేడిచేస్తూ రాసుకుంటే అదే ఒక మంచి ప్రాజెక్టు. ఫలానా డిగ్రీ దాటితే కదిలే గుర్తు అంటే మందుల పార్సెళ్లకు, ఆహారం రవాణాకు పనికొచ్చే వస్తువు. ఎడారి ఊళ్లో పుట్టిన పిల్లలకు ఆ అవసరం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎండతో పాటు ఓజోన్ ఉంది. ఫీనిక్స్ లోయలో వేసవి మధ్యాహ్నాలు దాని హెచ్చరికలు వస్తూనే ఉంటాయి. సహజ రబ్బరు సాగి ఉన్నప్పుడు ఓజోన్ తగిలితే, సాగిన దిశకు అడ్డంగా సన్నటి చీలికలు పడతాయి. ఇది ఎంత నమ్మకమైన గుర్తంటే, లాస్ ఏంజెలెస్‌లో కాలుష్యపు పొగమంచు మీద పరిశోధన మొదలైన రోజుల్లో వంచిన రబ్బరు ముక్కల పగుళ్లను చూసే గాలిలో ఓజోన్ ఎంతో కొలిచేవారు. మన నమూనా సాగి ఉండటమే పనిగా పెట్టుకున్నది. దాన్ని మూతపెట్టిన డబ్బాలో, నీడలో, ఇంట్లో దాచండి.

8. యాసిడ్ లేకుండా కూడా రబ్బరుకు గుర్తుంచుకోవడం తెలుసు.

ఇది నాకు అన్నింటికంటే ఇష్టమైన పాఠం. వెడల్పాటి బ్యాండును గబుక్కున సాగదీసి పై పెదవికి ఆనించండి. వెచ్చగా తగులుతుంది. కాసేపు సాగదీసే ఉంచి, ఒక్కసారి వదులు చేసి మళ్లీ ఆనించండి. చల్లగా తగులుతుంది. ఇంగ్లండులో కెండల్ అనే ఊళ్లో జాన్ గఫ్ అనే అంధుడు ఈ పరీక్షే పెదవులతో చేసి 1805లో ప్రకటించాడు. తర్వాత అర్ధశతాబ్దానికి జౌల్ దాన్ని కొలిచి రూఢి చేశాడు. 1925లో కాట్జ్ అనే శాస్త్రజ్ఞుడు సాగదీసిన రబ్బరు మీద ఎక్స్‌రేలు పంపితే స్ఫటికాల చుక్కలు కనిపించాయి. అంటే చిందరవందరగా ఉన్న గొలుసులు లాగినప్పుడు వరసలో నిలబడి, రబ్బరే గట్టిపడుతోంది. వదలగానే ఆ స్ఫటికాలు కరిగిపోతాయి.

కరగకుండా ఆపగలిగితే? జర్మనీలో డోర్ట్‌మండ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో టిల్లర్ బృందం 2011లో అదే చేసి చూపించింది. ముడులు బాగా తక్కువ ఉండేలా క్యూర్ చేస్తే, బాగా సాగదీసినప్పుడు పుట్టిన స్ఫటికాలు వదిలాక కూడా నిలబడతాయి. రబ్బరు పది రెట్ల సాగుదలను కూడా దాచుకుంటుంది. కాస్త వేడి తగిలితే చాలు ముడుచుకుపోతుంది. మరుసటి ఏడాది ఇంకో సంగతి తేల్చారు. సాగదీసిన ముక్కను అడ్డంగా నొక్కి ఉంచితే మేలుకునే ఉష్ణోగ్రతే మారుతుంది.

టైర్ల ఫ్యాక్టరీలో ముడులు తక్కువ పడ్డ షీటును అండర్‌క్యూర్ అని పక్కన పడేస్తాం. ఇక్కడ ఆ తక్కువలోనే విద్య ఉంది. ఇది ఇంట్లో అయ్యే పని కాదు. మిల్లు, ప్రెస్సు, పెరాక్సైడ్ కావాలి. హైస్కూలు పిల్లలు యూనివర్సిటీ ల్యాబు గడప తొక్కాలనుకుంటే ఈ ప్రశ్నతో తొక్కండి.

9. రబ్బరు మన పెరట్లోనే ఉంది.

రబ్బరంటే కేరళ, మలేసియా, వాన పడే కొండలు అని మనకు నాటుకుపోయింది. మన మారేడుమిల్లి అడవుల్లోనూ రబ్బరు తోటలున్నాయి, అవీ వానకొండలే. ఈ ఎడారిలో పండే రబ్బరు వేరు. దాని పేరు గ్వాయూలే. మెక్సికో ఉత్తరాన, టెక్సాస్‌లో సహజంగా పెరిగే బూడిదరంగు పొద. మామూలు రబ్బరు చెట్టు హెవియాకు లాగా గాటు పెడితే పాలు కారవు. రబ్బరు బెరడు కణాల్లో ఇరుక్కుని ఉంటుంది. పొద మొత్తం కోసి నలగ్గొట్టి తీయాలి. అణువు మాత్రం అదే, సిస్ పాలీఐసోప్రీన్.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆసియా తోటలు జపాను చేతికి పోయినప్పుడు అమెరికా 1942లో అత్యవసర రబ్బరు పథకం పెట్టి 30,000 ఎకరాలకు పైగా ఈ పొద నాటించింది. కాలిఫోర్నియా మాన్జనార్ శిబిరంలో నిర్బంధించిన జపనీయ అమెరికన్లలోని శాస్త్రజ్ఞులు ఆ నిర్బంధంలోనే గ్వాయూలే మీద చక్కటి పరిశోధన చేశారు. ఆ చరిత్రను నేను పిల్లలకు తప్పక చెబుతాను. యుద్ధం అయిపోగానే చేలన్నీ దున్నేశారు.

మళ్లీ ఇప్పుడు పని జరుగుతున్నది మన చుట్టూనే. బ్రిడ్జ్‌స్టోన్ కంపెనీ ఇక్కడికి దక్షిణాన ఎలోయ్‌లో గ్వాయూలే క్షేత్రం పెట్టింది. 2014లో మన పక్క ఊరు మెసాలో రబ్బరు తీసే పరిశోధన కేంద్రం తెరిచింది. 2022లో ఇండీకార్ పందేల్లో ఈ రబ్బరు కలిపిన టైర్లు పరుగెత్తాయి. మరికోపాలో కేంద్ర వ్యవసాయ శాఖ వారి ఎడారి సేద్య పరిశోధన కేంద్రం ఉంది. 2022 నుంచి కొలరాడో నది నీళ్లకు కోత పడి పినాల్ కౌంటీ రైతులు పొలాలు బీడు పెట్టుకున్న కాలం ఇది. పత్తి, అల్ఫాల్ఫా కంటే తక్కువ నీళ్లతో బతికే పంట వాళ్లకు కావాలి. చాండ్లర్‌కు టైర్లతో బంధమూ పాతదే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గుడ్‌ఇయర్ కంపెనీ టైర్ల నూలు కోసం ఈ ఊరికి దక్షిణాన పొడుగు పింజ పత్తి వేయించింది.

గ్వాయూలేలో లేటెక్స్ అలర్జీ తెచ్చే హెవియా ప్రొటీన్లు ఉండవు. వైద్య పరికరాలకు ఇది వరం. శరీరంలో మెల్లగా విచ్చుకునే పరికరమో, చర్మానికి బిగుసుకునే పట్టీయో చేయాలంటే ముందు చూడాల్సిన రబ్బరు ఇదేనని నా అభిప్రాయం. కానీ ఆ ప్రొటీన్లు లేకపోవడం వల్లే ఇది క్యూరింగ్‌లో నెమ్మదిస్తుంది, క్యూరింగ్‌ను వేగం చేసే యాక్సిలరేటరు పాళ్లు మార్చుకోవాలి. లాగినప్పుడు స్ఫటికాలు కట్టడంలోనూ హెవియాకు కాస్త వెనకే. అంటే 8వ పాఠంలోని దారికి ఇది ఇబ్బంది. 2వ పాఠంలోని దారికి పెద్దగా అడ్డు రాకూడదు. రాకూడదని నేను అనుకుంటే సరిపోదు, చేసి చూడాలి.

అందుకే ఈ ఊరి తల్లిదండ్రులకు నా మనవి. పిల్లలకు రెడీమేడ్ కిట్లు కొనిపెట్టకండి. మిల్లీగ్రాము తూకం ఒకటి, థర్మామీటరు ఒకటి కొనివ్వండి. మెసాకో, మరికోపాకో, టెంపేకో మర్యాదగా ఒక ఉత్తరం రాయించి, చిన్న గ్వాయూలే షీటు ముక్క ఇవ్వగలరేమో అడిగించండి. దొరికితే పక్కపక్కనే రెండు రబ్బర్లూ స్టియరిక్‌లో నానబెట్టి, ఒకే సాగుదల మీద, ఒకే వేడిలో పది సైకిళ్లు నడిపి, అంకెలు నాకు తెచ్చి చూపించమనండి. శనివారాలు ఇంట్లోనే ఉంటాను.